కొండబాటల తిరునాళ్లు

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ : వ్యాసం

క్రీడల గురించి రాసినప్పుడు మనం సాధారణంగా విజేతలనే తలచుకుంటాం. వారు సాధించిన పతకాలు, నెలకొల్పిన రికార్డులు చరిత్రలో నిలుస్తాయి. అయితే ఏ క్రీడకైనా ఊపిరి పోసేవారు, పతకంపై ఆశ లేకుండా, కేవలం సంతోషం కోసం ఆడే సామాన్యులు. అమెరికాలో ప్రతి సంవత్సరం జరిగే ఒక సైకిలు ఉత్సవాన్ని అటువంటి సామాన్య చోదకుని దృష్టితో పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం. పందెంలో గెలవని వారికి క్రీడ ఏమి ఇస్తుంది? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని పాఠాన్ని చదవండి.

పాఠం

మన పల్లెల్లో తిరునాళ్లకు వెళ్లేవారందరూ ఒకే పని మీద వెళ్లరు. మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేవారు కొందరు, బండలాగుడు పోటీలు చూడడానికి వెళ్లేవారు మరికొందరు. గాజుల అంగళ్ల వద్ద ఆడపడుచులు, రంగులరాట్నం వద్ద పిల్లలు, చెట్టు నీడన పాత స్నేహితులు కనిపిస్తారు. బండలాగుడులో ప్రథమ బహుమతి పొందేది ఒక్క ఎడ్లజతే. అయినా తిరునాళ్లు ఆ ఒక్క జతదే అని ఎవరూ అనుకోరు. అది వచ్చిన వారందరిదీ. సైకిలుకు కూడా ఇటువంటి తిరునాళ్లు ఒకటి ఉన్నది.

అమెరికా పశ్చిమ తీరాన కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి దక్షిణంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, మాంటెరే అనే పట్టణం ఉన్నది. దాని సమీపంలోని కొండల నడుమ 1957లో నిర్మించిన కార్ల పందెపు మైదానం పేరు లగూనా సెకా. స్పానిష్ భాషలో ఆ మాటకు ‘ఎండిన మడుగు’ అని అర్థం. ఏడాది పొడవునా కార్ల హోరుతో మారుమోగే ఆ ప్రదేశాన్ని వసంతకాలంలో నాలుగు రోజుల పాటు సైకిళ్లు ఆక్రమిస్తాయి. ‘సీ ఆటర్ క్లాసిక్’ అనే ఈ క్రీడోత్సవానికి ఆ సముద్రతీరంలో నివసించే నీటికుక్క పేరు పెట్టారు. ఉన్ని వంటి మెత్తని చర్మం కోసం సాగిన వేటలో కాలిఫోర్నియా తీరం నుండి పూర్తిగా అంతరించిందనుకున్న ఆ ప్రాణి 1938లో మాంటెరేకు దక్షిణాన చిన్న గుంపుగా మళ్లీ కనిపించింది. నేడు అది ఆ ప్రాంతానికి గుర్తుగా నిలిచింది.

ఫ్రాంక్ యోహానన్, లూ రుడాల్ఫ్ అనే ఇద్దరు 1991లో ఈ ఉత్సవాన్ని వేరొక పేరుతో ప్రారంభించారు. ఆనాడు పాల్గొన్న చోదకులు సుమారు 350 మంది. తరువాతి కాలంలో పోటీదారుల సంఖ్య వేలకు, సందర్శకుల సంఖ్య పదుల వేలకు పెరిగింది. కోవిడ్ కారణంగా 2020లో ఉత్సవం జరగలేదు. 2021లో అక్టోబరు నెలలో జరిగి, మరుసటి ఏడు తిరిగి ఏప్రిల్‌కు చేరింది.

ఈ తిరునాళ్లలో ప్రధాన దైవం మౌంటెన్ బైకు, అంటే కొండబాటల్లో తొక్కే సైకిలు. తారురోడ్డు మీద పోటీలు కూడా ఇక్కడ జరుగుతాయి గాని, మట్టిదారుల మీది సవారీకే ఎక్కువ ఆదరణ. ఆ సవారీ ఏ కర్మాగారంలోనో, ఏ క్రీడాసంస్థ తీర్మానంతోనో పుట్టలేదు. 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మరీన్ ప్రాంతపు యువకులు కొందరు 1930, 40ల నాటి డొక్కు సైకిళ్లను పాతసామాను నుండి ఏరి తెచ్చుకొని, లావు టైర్లతో కొండ దిగడం సరదాగా మొదలుపెట్టారు. ఆ సైకిళ్లకు పెడలును వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే ఆధారం. కొండ దిగేసరికి ఆ బ్రేకు వేడెక్కి, లోపలి గ్రీజు పొగలై పోయేది. మళ్లీ గ్రీజు కూరనిదే సైకిలు పనికివచ్చేది కాదు. అందుచేత ఆ దారికి ‘మళ్లీ కూరుడు’ అనే అర్థం వచ్చే ‘రీప్యాక్’ అన్న పేరు స్థిరపడింది.

ఆ వాలులో మొదటి పందెం 1976 అక్టోబరు 21న జరిగింది. చార్లీ కెల్లీ దానిని నిర్వహించాడు. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ దారి దాదాపు 400 మీటర్ల లోతుకు దిగుతుంది. ఆనాడు పడకుండా దిగిన ఏకైక వ్యక్తి అలన్ బాండ్స్. గెలుపు కూడా ఆయనదే. 1977లో జో బ్రీజ్ కొండదారుల కోసమే ప్రత్యేకంగా చట్రాలు తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ ఇటువంటి సైకిలును పెద్ద సంఖ్యలో తయారుచేసి విపణిలో ప్రవేశపెట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ పతక క్రీడ అయింది. డొక్కు సైకిళ్ల సరదా ఇరవై ఏళ్లలో విశ్వవేదికకు ఎక్కింది.

ఒక సామాన్య చోదకుడు ఈ ఉత్సవానికి వచ్చాడనుకుందాం. వారమంతా కార్యాలయంలో పనిచేసి, ఆదివారాల్లో మాత్రమే సైకిలెక్కే మనిషి. ఆయనకు మొదట కనిపించేవి అంగళ్లు. సైకిళ్లు, టైర్లు, శిరస్త్రాణాలు, చేతితొడుగులు మొదలైన వస్తువులు అమ్మే దుకాణాలు వందల సంఖ్యలో బారులు తీరి ఉంటాయి. చాలా సంస్థలు తమ కొత్త సైకిళ్లను కొంతసేపు తొక్కి చూడమని ఇస్తాయి. గుర్తింపుకార్డును వారి వద్ద ఉంచి, సీటు ఎత్తు సరిచేయించుకొని, మైదానం చుట్టూ ఉన్న బాటలో ఒక చుట్టు తిరిగి రావచ్చు. వాటిలో కొన్నింటి ధరకు మన దేశంలో మంచి మోటారు సైకిలు వస్తుంది. ఇంత ఖరీదు ఎందుకో తెలియాలంటే వాటి నిర్మాణాన్ని కొంచెం గమనించాలి.

ఊరిలో తొక్కే సైకిలు టైరులో గాలి గట్టిగా ఉంటే బండి తేలికగా సాగుతుంది. కొండసైకిలు టైరు రెండు అంగుళాలకు పైగా వెడల్పు ఉంటుంది. అందులో గాలి కొంత తక్కువగానే ఉంచుతారు. అప్పుడు టైరు రాతి మీద ఎగిరిపడక, దానిని ఒడిసిపట్టినట్లు వంగి, నేలను వదలకుండా సాగుతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీలు లోపలికి కుంగి, తిరిగి లేచి కుదుపును తగ్గిస్తాయి. పాత సైకిలులో బ్రేకు రబ్బర్లు చక్రపు అంచును పట్టుకొనేవి కనుక బురదలో జారిపోయేవి. ఈ సైకిలుకు చక్రం నడుమ అమర్చిన లోహపు పళ్లేన్ని పట్టే బ్రేకులు ఉంటాయి. హ్యాండిల్ మీది మీట నొక్కితే సీటు కిందికి దిగుతుంది. వాలులో శరీరాన్ని వెనుకకు జరుపుకోవడానికి దీనివల్ల వీలు కలుగుతుంది. ఇన్ని సౌకర్యాలున్నా మంచి కలం కొన్నంత మాత్రాన దస్తూరి కుదరనట్లే, మంచి సైకిలు కొన్నంత మాత్రాన సవారీ రాదు. ఈ సంగతి ఒక్క చుట్టు తిరిగేసరికి చోదకునికి తెలిసివస్తుంది.

అంగళ్లు దాటి వెళ్తే పందేలు. అన్నింటిలోనూ చూపరులను ఆకట్టుకొనేది జంట బాటల పందెం. కొండవాలు మీద మెలికలు, దిబ్బలు ఉన్న రెండు బాటలను పక్కపక్కనే తీర్చి, ఇద్దరిని ఒకేసారి వదులుతారు. నిమిషం గడవకముందే ఫలితం తేలిపోతుంది. జనం బాటకు ఇరువైపులా నిలిచి, పశువుల మెడలో కట్టే గంటల వంటి గంటలు మోగిస్తూ ఇద్దరినీ ఉత్సాహపరుస్తారు. క్రికెట్ మైదానంలో ప్రేక్షకుడు కంచె దాటి లోపలికి పోలేడు. ఇక్కడ ఉదయం చప్పట్లు కొట్టిన వ్యక్తి మధ్యాహ్నం తానే సంఖ్యాఫలకం కట్టుకొని బయలుదేరవచ్చు. వయసును బట్టి, అనుభవాన్ని బట్టి విభాగాలు ఉన్నాయి. అరవై ఏళ్లు దాటినవారికి కూడా చోటున్నది. పందెం వద్దనుకొనేవారి కోసం వినోదార్థం సాగే సామూహిక సవారీలు ఉన్నాయి.

ఆ సవారీలు సాగే కొండలకు ఒక చరిత్ర ఉన్నది. లగూనా సెకాను ఆనుకొని ఫోర్ట్ ఆర్డ్ అనే సైనిక స్థావరం ఉండేది. 1917 నుండి 1994 వరకు అక్కడ లక్షల మంది సైనికులు శిక్షణ పొందారు. స్థావరం మూతపడ్డాక, 2012 ఏప్రిల్ 20న అధ్యక్షుడు బరాక్ ఒబామా ఆ భూమిలో సుమారు 14,600 ఎకరాలను జాతీయ స్మారక ప్రదేశంగా ప్రకటించాడు. ఫిరంగులు పేలిన నేలలో నేడు 130 కిలోమీటర్లకు పైగా బాటలు నడకకు, గుర్రపుసవారీకి, సైకిలుకు తెరిచి ఉన్నాయి. అయితే పేలకుండా మిగిలిపోయిన పాత మందుగుండు కొన్ని చోట్ల ఇంకా ఉండడంవల్ల, అక్కడ కంచెలు వేసి హెచ్చరిక ఫలకాలు నిలిపారు. బాట వదలరాదనే నియమం అక్కడ ప్రాణరక్షణకు సంబంధించినది.

ఉదయం సముద్రం మీది నుండి వచ్చే పొగమంచు తరచు ఆ కొండలను కప్పి ఉంచుతుంది. మంచు విడిపోతున్న కొద్దీ పచ్చిక వాలులు, వాటి మీద నీలి, నారింజ రంగుల పూలు, బూజు వేలాడే సింధూర వృక్షాలు బయటపడతాయి. బాట ఒక్క మనిషి పట్టేంత సన్నబాట. దాని అంచున మూడేసి ఆకులతో ఒక పొద పెరుగుతుంది. తాకితే మన దురదగొండిని మరిపించే బాధ కలుగుతుంది. బాటలో అక్కడక్కడ ఇసుకమేటలు ఉంటాయి. ఇసుకలో ముందు చక్రం కూరుకుపోగానే హ్యాండిల్‌ను గట్టిగా తిప్పబోతే పడిపోవడం ఖాయం. బరువును కొంచెం వెనుకకు ఉంచి, ఆపకుండా ఒకే తీరున తొక్కితే సైకిలు తనంతట తానే బయటపడుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు అత్యుత్సాహం పనికిరాదు. పక్కవారితో రెండు మాటలు మాట్లాడగలిగినంత ఊపిరి మిగిలేలా తొక్కినవారే చివరి వరకు ఎక్కగలరు. దిగేటప్పుడు వేరొక విద్య అవసరం. పెడళ్లను సమంగా ఉంచి, వాటి మీద నిలిచి, మోకాళ్లు, మోచేతులు వంచి, మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది చూపు. రాయిని తప్పించాలని రాయినే చూస్తూ పోయేవాడు తప్పక ఆ రాయికే తగులుతాడు. చూపు ఎటు పోతే సైకిలు అటు పోతుంది. అందువల్ల చోదకుడు రాయి పక్కనున్న ఖాళీని, దానికి ఆవలనున్న దారిని చూడాలి.

ఇంత తెలిసినా, తన శక్తికి మించిన వాలు ఒకటి ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. అక్కడే అసలైన పరీక్ష. వెనుక పదిమంది వస్తున్నారు. ముందు వెళ్లిన యువకుడు అవలీలగా దిగిపోయాడు. దిగి నడిస్తే చిన్నతనమేమో అనే సంకోచం ఒకవైపు, పడితే ఏమవుతుందో అనే భయం మరొకవైపు. చేయి చాచి కిందపడినప్పుడు భుజం వద్ద ఎముక విరగడం ఈ క్రీడలో తరచు జరిగే ప్రమాదం. అటువంటి చోట సైకిలు దిగి, బాట పక్కకు జరిగి, వెనుకవారికి దారి ఇచ్చి, నడిచి దిగేవారు అనేకులు కనిపిస్తారు. వారిని చూసి ఎవరూ నవ్వరు. నిన్న నడిచిన వాలును నేడు తొక్కినవారు, నేడు నడిచిన వాలును వచ్చే ఏడు తొక్కాలనుకొనేవారు అక్కడ పక్కపక్కనే ఉంటారు. తన హద్దును తానే గుర్తించడం పిరికితనం కాదు, సాధనకు అదే తొలిమెట్టు. హద్దు ఎక్కడున్నదో తెలిసినవాడే దానిని కొంచెం ముందుకు జరపగలడు.

క్రీడ ఇచ్చే స్వేచ్ఛతోపాటు బాధ్యత కూడా వస్తుంది. 1980ల్లో కొండబాటల మీద సైకిళ్ల రద్దీ పెరిగి, నడిచేవారికి, గుర్రాలపై వచ్చేవారికి ఇబ్బంది కలిగింది. ఈ క్రీడ పుట్టిన మరీన్ ప్రాంతంలోనే అనేక బాటలను సైకిళ్లకు మూసివేశారు. ఆ పరిస్థితిలో కాలిఫోర్నియా సైకిలు సంఘాలు కొన్ని కలిసి 1988లో అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ సంఘాన్ని స్థాపించాయి. అది ప్రచారం చేసిన నియమాలు సులభమైనవి. అనుమతి ఉన్న బాటలోనే పోవాలి. పాదచారులకు, గుర్రాలకు దారి ఇవ్వాలి. దిగేవారు ఎక్కేవారికి దారి వదలాలి. జంతువులను బెదిరించరాదు. వాన వెలిసిన వెంటనే తడిబాట మీద తొక్కరాదు. ఆ చాళ్లలో తరువాతి వాన నీరు పారి బాట కోసుకుపోతుంది. చాలా ప్రాంతాల్లో సైకిలు సంఘాలవారు సెలవుదినాల్లో పార, గునపం పట్టి శ్రమదానంతో బాటలు బాగుచేస్తారు. బాట మీద ఆనందం పొందినవాడు ఆ బాటకు రుణపడి ఉంటాడు.

సిలికాన్ వ్యాలీ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారికి లగూనా సెకా కారులో ఒకటిన్నర గంటల ప్రయాణం. వారిలో అనేకుల బాల్యంలో సైకిలు అవసరానికి వాహనం. బడికి పోవాలన్నా, పాలు పోయాలన్నా, ఉత్తరాలు పంచాలన్నా సైకిలే దిక్కు. అద్దె సైకిలు కడ్డీ కిందుగా కాలు దూర్చి, మోకాళ్లు చెక్కుకుపోతున్నా మానక నేర్చుకున్న తరం అది. ఆ పిల్లలకు పందెం లేదు, బహుమతి లేదు. సైకిలు మొదటిసారి తమ మాట విని ముందుకు సాగిన క్షణమే వారికి బహుమతి. కొండబాట మీద సామాన్య చోదకుడు పొందేది కూడా అదే సంతోషం.

నేటి విద్యార్థికి ప్రతి పరీక్ష ఒక ర్యాంకును ఇస్తుంది. పదిమందిలో తన స్థానం ఎక్కడో చెప్పే ఆ అంకె అవసరమైనదే. అయితే నిన్నటి తనకు, నేటి తనకు మధ్య ఎంత మార్పు వచ్చిందో అది చెప్పలేదు. సంవత్సరానికి ఒక్కసారైనా, వారానికి ఒక్క గంటైనా, గెలుపోటములు లెక్కపెట్టని పనిలో మనసు పెట్టినవారికి ఆ రెండో లెక్క తెలుస్తుంది. అది సైకిలు కావచ్చు, ఈత కావచ్చు, పాట కావచ్చు. లగూనా సెకాలో నాలుగు రోజులూ ముగిశాక విజేతల పేర్లు పత్రికలకెక్కుతాయి. పేరెక్కని వేలమంది సైకిళ్ల మట్టి కడిగి ఇళ్లకు చేరుకుంటారు. వచ్చే ఆదివారం మళ్లీ బాట మీద కనిపించేది వారే.

పదకోశం

చోదకుడు = నడిపేవాడు
విపణి = అంగడి, బజారు
చట్రం = సైకిలు భాగాలను నిలిపి ఉంచే కడ్డీల కట్టు
శిరస్త్రాణం = తలకు రక్షణగా ధరించేది, హెల్మెట్
దస్తూరి = చేతిరాత
సన్నబాట = ఒక్కరు మాత్రమే పోగలిగిన ఇరుకుదారి
సింధూర వృక్షం = ఓక్ చెట్టు
ఇసుకమేట = ఇసుక పేరుకున్న చోటు
అవలీలగా = సులభంగా
సంకోచం = జంకు, వెనుకాడడం
పాదచారి = నడిచి వెళ్లేవాడు
చాలు = చక్రం వల్ల ఏర్పడిన గాడి

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కొండబాటల్లో సవారీ చేసే చోదకుడు పాటించవలసిన మెలకువలను, నియమాలను వివరించండి.
2. ‘క్రీడకు ఊపిరి పోసేవారు సామాన్యులే’ అన్న అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ‘రీప్యాక్’ అన్న పేరు ఎలా వచ్చింది?
2. కొండసైకిలు టైరులో గాలి తక్కువగా ఉంచడానికి కారణమేమిటి?
3. ఫోర్ట్ ఆర్డ్ చరిత్రను సంగ్రహంగా తెలపండి.
4. ర్యాంకు చెప్పలేని లెక్క ఏదని రచయిత అభిప్రాయం?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘లగూనా సెకా’ అనే మాటకు అర్థమేమిటి?
2. మౌంటెన్ బైకింగ్ ఏ ఒలింపిక్స్‌లో పతక క్రీడ అయింది?
3. రీప్యాక్ మొదటి పందెంలో గెలిచినవారెవరు?
4. దిగేవారు ఎవరికి దారి వదలాలి?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. చూపు ఎటు పోతే సైకిలు అటు పోతుంది.
2. హద్దు ఎక్కడున్నదో తెలిసినవాడే దానిని కొంచెం ముందుకు జరపగలడు.
3. బాట మీద ఆనందం పొందినవాడు ఆ బాటకు రుణపడి ఉంటాడు.

V. వ్యాకరణాంశాలు

సంధులు
క్రీడోత్సవం = క్రీడా + ఉత్సవం – గుణసంధి
అత్యుత్సాహం = అతి + ఉత్సాహం – యణాదేశ సంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధిసంధి
వినోదార్థం = వినోద + అర్థం – సవర్ణదీర్ఘ సంధి
మొదలైన = మొదలు + ఐన – ఉత్వసంధి

సమాసాలు
సముద్రతీరం – సముద్రం యొక్క తీరం – షష్ఠీ తత్పురుష సమాసం
గెలుపోటములు – గెలుపును ఓటమియును – ద్వంద్వ సమాసం
సన్నబాట – సన్నమైన బాట – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నాలుగు రోజులు – నాలుగు సంఖ్య గల రోజులు – ద్విగు సమాసం

VI. భాషాకార్యకలాపం
పోటీ లేకుండా, కేవలం ఇష్టంతో మీరు చేసే ఒక పనిని గురించి పదిహేను వాక్యాలలో రాయండి. గత సంవత్సరానికి, ఈ సంవత్సరానికి అందులో మీకు కలిగిన నేర్పును ఉదాహరణలతో తెలపండి.